సిలికాన్‌లో కావలసిన సైజు రంధ్రాలు చేయడం ఎలా?

పోరస్ సిలికాన్ చేయడం నేర్చుకోవడానికి ల్యాబ్‌లో చేరిన విద్యార్థి చెయ్యి ముందుగా పోయేది పవర్ సప్లై నాబ్ మీదికే. కరెంటు పెంచితే రంధ్రం పెద్దదవుతుందనీ, తగ్గిస్తే చిన్నదవుతుందనీ ఎవరో చెప్పి ఉంటారు. అది అబద్ధమేమీ కాదు. కాని రెండు నానోమీటర్ల రంధ్రాన్ని రెండు మైక్రాన్ల రంధ్రంగా మార్చే శక్తి ఆ నాబ్‌కు లేదు. రంధ్రం ఏ జాతిదో కరెంటు పెట్టకముందే, అల్మారాలోంచి మీరు ఏ వేఫర్ తీశారో అప్పుడే తేలిపోతుంది. ఆ జాతి లోపల కాస్త అటూ ఇటూ సర్దడం మాత్రమే కరెంటు పని. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే బోలెడు వేఫర్లు మిగులుతాయి.

ఇది ఎం.ఎస్సీ., ఎం.టెక్. ప్రాజెక్టుకో, పరిశోధనకో కొత్తగా చేరినవారి కోసం. పనిచేసే ఫ్యూమ్ హుడ్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడటంలో శిక్షణ ఉన్న గైడు, రెండూ ఉన్న ల్యాబ్‌లోనే ఇది చేయాలి. ఇంట్లో, గ్యారేజీలో, మామూలు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ బల్ల మీద చేసే పని కానే కాదు.

అసలు జరిగేదేమిటి?

1956లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఊలీర్, ఆయన భార్య ఇంగెబోర్గ్ కలిసి సిలికాన్, జెర్మేనియంలను కరెంటుతో నునుపు చేయాలని చూశారు. నునుపు రావలసిన చోట గోధుమ, ఎరుపు, నలుపు రంగుల పొర పేరుకుంది. అది కావలసింది కాదు కనుక దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ పొర నిండా రంధ్రాలే. దాని అసలు విలువ ప్రపంచానికి తెలిసింది 1990లో. బ్రిటన్‌లో లీ కానమ్ ఆ పదార్థం మీద నీలి లేదా ఆకుపచ్చ లేజర్ కాంతి వేస్తే ఎర్రగా వెలుగుతుందని చూపించాడు. వెలుగు ఇవ్వడం సిలికాన్‌కు చేతకాదని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. అదే ఏడాది జర్మనీలో ఫోల్కర్ లేమన్, హెల్ముట్ ఫోల్ మైక్రాన్ల వెడల్పున్న రంధ్రాలను గీత గీసినంత నిటారుగా, వరుసలు తీరి ఉండేలా దింపారు. రెండు చోట్లా సిలికానే, రెండు చోట్లా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమే. రంధ్రాల సైజుల్లో మాత్రం వెయ్యి రెట్ల తేడా. ఆ తేడా తెచ్చింది వేఫరూ, దాన్ని వాడిన తీరూ.

సైజుల కొలబద్ద ఇది. 2 నానోమీటర్లకన్నా చిన్నవి మైక్రోపోర్లు, 2 నుంచి 50 దాకా మీసోపోర్లు, 50 దాటితే మాక్రోపోర్లు. పేరులో మైక్రో ఉందని మైక్రాన్లు అనుకోవద్దు. నిజంగా మైక్రాన్లలో ఉండేవి మాక్రోపోర్లే.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో (ఇకపై హెచ్‌ఎఫ్ అంటాను) సిలికాన్ ముక్క ఊరికే వేస్తే పైన ఉన్న ఆక్సైడ్ పొర పోతుంది తప్ప సిలికాన్ కరగదు. ఉపరితలం మీద హైడ్రోజన్ పరమాణువులు కప్పుకొని కాపాడతాయి. ఆ కాపలా సడలాలంటే లోపలి నుంచి ధన విద్యుదావేశం, సెమీకండక్టర్ భాషలో హోల్, అక్కడికి చేరాలి. హోల్ చేరిన చోట ఫ్లోరైడ్ వచ్చి పట్టుకుంటుంది. మామూలుగా ఒక్కో సిలికాన్ పరమాణువు ఊడిపోవడానికి రెండు హోల్స్ ఖర్చవుతాయి, ఒక హైడ్రోజన్ అణువు బుడగలో కలిసి పైకి పోతుంది. కాస్త గుంత పడిందా, ఆ తర్వాత వచ్చే హోల్స్ గుంత అడుగుకే పోతాయి. రెండు గుంతల మధ్య మిగిలిన సన్నటి గోడలోకి హోల్స్ రావు, అందుకే గోడ కరగదు. బోరు వేసేటప్పుడు రాయి తొలిచేది కింద ఉన్న బిట్టే, పైన దిగిన భాగం అలాగే ఉంటుంది కదా. ఇక్కడా అంతే, తొలిచేది మొన మాత్రమే. కాబట్టి ఇప్పుడు కరెంటు మారిస్తే ఇక ముందు తొలవబోయే లోతులో రంధ్రం సైజు మారుతుంది, అప్పటికే తొలిచిన పైభాగం చెక్కుచెదరదు. ఒకే ముక్కలో రకరకాల సైజులు పేర్చగలగడానికి ఆధారం ఇదే.

గోడలోకి హోల్స్ ఎందుకు రావు అన్నదే రంధ్రం సైజును నిర్ణయిస్తుంది. మైక్రోపోర్లలో గోడ మరీ సన్నబడి, క్వాంటం ప్రభావం వల్ల హోల్స్‌కు అందులో చోటు దొరకదు. పెద్ద రంధ్రాల్లో గోడ మందంగానే ఉన్నా, ఉపరితలం దగ్గర ఏర్పడే విద్యుత్ క్షేత్రం హోల్స్‌ను గోడ నుంచి తప్పించి మొనకు లాగేస్తుంది. ఆ క్షేత్రం ఎంత మందం దాకా పనిచేస్తుందన్నది డోపింగ్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే అన్నిటికన్నా ముందు వేఫర్.

మొదటి పని: వేఫర్ ఎంచుకోవడం

వేఫర్ డబ్బా మీద చూడవలసినవి మూడు: పి-రకమా ఎన్-రకమా, నిరోధకత ఎంత, స్ఫటికం ఏ దిశలో కోసినది. దిశ సంగతి తేలిక. అంకెల్లో ఒకటి, సున్నా, సున్నా అని రాసి ఉన్న వేఫర్ తీసుకోండి, రంధ్రాలు ఉపరితలానికి నిటారుగా దిగుతాయి.

బోరాన్ మామూలు మోతాదులో కలిపిన పి-రకం, 1 నుంచి 10 ఓమ్-సెంటీమీటర్లది అయితే, ఇథనాల్ కలిపిన హెచ్‌ఎఫ్‌లో మైక్రోపోర్లు వస్తాయి. స్పాంజీలా అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. కానమ్ చూసిన ఎర్ర వెలుగు కావాలంటే ఇటువంటిదే వాడాలి. బోరాన్ బాగా దట్టించిన పి-రకం, 0.001 నుంచి 0.01 ఓమ్-సెంటీమీటర్లది అయితే మీసోపోర్లు వస్తాయి. కొద్దిపాటి కొమ్మలు వేసుకుంటూ కిందికి దిగుతాయి. మాక్రోపోర్లకు ఎన్-రకం మామూలు డోపింగ్ వేఫర్ తీసుకుని వెనక నుంచి వెలుగు వేయాలి. లేదా డోపింగ్ తక్కువున్న పి-రకాన్ని సేంద్రియ ద్రావణి కలిపిన హెచ్‌ఎఫ్‌లో పెట్టాలి.

మొదటిసారి చేసేవారు బోరాన్ దట్టించినదే తీసుకోండి, 0.001 దగ్గరది. రెండు కారణాలు. వెనక వైపు కరెంటు కలపడానికి ప్రత్యేకమైన లోహపు పూత అక్కరలేదు, అల్యూమినియం రేకు ఆనిస్తే చాలు. ఇక, కరెంటు మార్చినప్పుడు సైజు మారడం ఇందులో స్పష్టంగా కనబడుతుంది. నిరోధకత ఎక్కువున్న వేఫర్‌కు వెనక అల్యూమినియం పూత వేసి కాల్చాలి, లేదా గాలియం-ఇండియం మిశ్రమం రుద్దాలి. అది చేయకపోతే కరెంటు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పారి పొర మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఇంకో మాట. డబ్బా మీద 0.001 నుంచి 0.005 అని రాసి ఉంటే, ఐదు రెట్ల తేడా ఉన్న వేఫర్లు అందులో కలిసి ఉండవచ్చని అర్థం. నిరుడు తీసిన అంకెలు ఈ ఏడాది కొత్త డబ్బాతో రాకపోతే ముందు అనుమానించవలసింది దీన్నే. ఒక ప్రాజెక్టుకు కావలసిన ముక్కలన్నీ ఒకే వేఫర్ నుంచి, అది చాలకపోతే ఒకే బ్యాచ్ నుంచి కోసుకోవడం మంచిది. డైమండ్ పెన్నుతో అంచున చిన్న గాటు పెట్టి వంచితే స్ఫటికం గీత వెంట చక్కగా విరుగుతుంది.

రెండో పని: హెచ్‌ఎఫ్‌తో జాగ్రత్త

ఈ భాగం చదవకుండా కిందికి పోవద్దు. హెచ్‌ఎఫ్‌ను పుస్తకాల్లో బలహీన ఆమ్లం అంటారు. అయాన్లుగా విడిపోవడంలో బలహీనమే. కాని ఆ విడిపోని అణువే చర్మం లోపలికి సులువుగా దూరిపోతుంది, దూరి శరీరంలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. గాఢమైనది అరచేతంత మేర పడినా గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. పలుచటిది ఇంకో రకంగా మోసం చేస్తుంది. 20 శాతంకన్నా తక్కువ గాఢత ఉన్నది పడితే వెంటనే మంట తెలియదు, నొప్పి మొదలవడానికి ఒక రోజు కూడా పట్టవచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే అప్పటికి ఎముక దాకా పోయి ఉంటుంది.

అందుకని హుడ్ బయట సీసా మూత తీయకూడదు. ఒంటరిగా, రాత్రిళ్లు చేయకూడదు. పల్చటి నైట్రైల్ తొడుగు మీద మందపాటి నియోప్రీన్ తొడుగు, ముఖానికి షీల్డు, ఆమ్లానికి తట్టుకునే ఏప్రాన్, పాదం పూర్తిగా మూసే బూట్లు తప్పనిసరి. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు హుడ్ పక్కనే, చేతికందేచోట ఉండాలి. దాని గడువు తేదీ పని మొదలుపెట్టే ముందు చూడాలి. స్టోర్స్‌లో ఉంది, కావాలంటే తెస్తారు అంటే లేనట్టే లెక్క. ఆ రోజు పని ఆపేయండి.

చుక్క పడిందనిపిస్తే చాలు, పడిందని రూఢి కానక్కరలేదు. తొడుగులు, తడిసిన బట్టలు తీసేస్తూ ధారగా నీళ్లతో ఐదు నిమిషాలు కడగాలి, జెల్ రుద్దుతూనే ఆసుపత్రికి పోవాలి, అక్కడ ఇది హెచ్‌ఎఫ్ అని మొదటి మాటగా చెప్పాలి. మామూలు ఆమ్లపు కాలిన గాయం అనుకుని పైపైన మందు రాస్తే సరిపోదు.

గాజు దగ్గరికి రానివ్వకండి. హెచ్‌ఎఫ్ గాజును కరిగిస్తుంది. బీకరు, కొలజాడీ, పట్టకారు అన్నీ పాలిథీన్, పాలీప్రొపిలీన్ లేదా టెఫ్లాన్‌వే కావాలి. వాడేసిన ద్రావణం మూత బిర్రుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పేరు రాసి, వేరుగా ఉంచాలి. కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిపితే కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారుతుంది, ఆ పని మీ సంస్థలో దాని బాధ్యత ఉన్నవారు చూస్తారు. సింకులో పారబోయడం మాత్రం ఎప్పటికీ వద్దు.

మూడో పని: సెల్ బిగించడం

సెల్ అంటే టెఫ్లాన్ దిమ్మెలో తొలిచిన చిన్న గిన్నె. దాని అడుగున గుండ్రటి రంధ్రం, రంధ్రం చుట్టూ వైటాన్ ఓ-రింగు. కింది పలక మీద అల్యూమినియం రేకు, రేకు మీద వేఫర్ ముక్క మెరిసే వైపు పైకి, దాని మీద గిన్నె, నాలుగు మూలలా స్క్రూలు. బిగువు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా సమానంగా పెంచాలి. ఒకే మూల బిగిస్తే ముక్క పుటుక్కున పగులుతుంది. బిగించాక ముందు ఇథనాల్ పోసి కొన్ని నిమిషాలు ఆగి, కారడం లేదని రూఢి చేసుకున్నాకే హెచ్‌ఎఫ్ జోలికి పోవాలి.

పై నుంచి ప్లాటినం తీగ, ఉంగరంలా చుట్టిందో జాలీలా అల్లిందో, ద్రావణంలోకి దింపాలి. వేఫర్‌కు ప్లస్, ప్లాటినానికి మైనస్. తారుమారైతే రంధ్రాలు రావు, వేఫర్ మీద హైడ్రోజన్ బుడగలు మాత్రం దర్జాగా వస్తాయి, పని జరుగుతోందనే భ్రమ కలుగుతుంది. ప్లాటినం వేఫర్‌కు సమాంతరంగా, నడిమధ్యన ఉండాలి. అది ఒక పక్కకు ఉంటే ఏమవుతుందో తర్వాత చెబుతాను, అదీ ఒక విద్యే.

పవర్ సప్లై స్థిరమైన కరెంటు ఇచ్చేది కావాలి, స్థిరమైన వోల్టేజీ కాదు. కరెంటును ఓ-రింగు లోపలి వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే కరెంట్ డెన్సిటీ. నోటుబుక్కులో రాయవలసింది దాన్నే. 1.2 చదరపు సెంటీమీటర్ల సెల్‌లో 60 మిల్లీ ఆంపియర్లు ఇస్తే చదరపు సెంటీమీటరుకు 50 అన్నమాట. ఒట్టి 60 అని రాసుకుంటే ఇంకో సెల్ వాడేవారికి అది దేనికీ పనికిరాదు.

నాలుగో పని: ద్రావణం, తర్వాత కరెంటు

48 శాతం హెచ్‌ఎఫ్ మూడు పాళ్లు, ఇథనాల్ ఒక పాలు కలిపింది బోరాన్ దట్టించిన వేఫర్‌కు బాగా నప్పుతుంది. ఇథనాల్ ఎందుకంటే, ఒట్టి నీటి హెచ్‌ఎఫ్ రంధ్రాల్లోకి సరిగా దిగదు, పుట్టిన హైడ్రోజన్ బుడగ కదలకుండా అతుక్కుని దాని కింద రంధ్రాలు పడనివ్వదు. పూర్తయ్యాక పొర మీద గుండ్రటి మచ్చలు కనిపిస్తే అవి బుడగల పనే.

కొత్త వేఫర్ పైపొర నమ్మదగినది కాదు. పాలిష్ చేసినప్పుడు పడిన దెబ్బలు, పైకి చేరిన మలినాలు ఉంటాయి. అక్కడ మొదలైన రంధ్రాల నోళ్లు ఇరుకుగా, మూసుకుపోయినట్టు వస్తాయి. కింద ఎంత అందమైన రంధ్రం ఉన్నా పై నోరు మూసుకుపోతే దానిలోకి మందు దూరదు, ప్రోటీన్ దూరదు. అందుకని ముందు అర నిమిషమో నిమిషమో కరెంటు ఇచ్చి ఒక బలి పొర చేయాలి. హెచ్‌ఎఫ్ తీసేసి ఇథనాల్‌తో బాగా కడిగి, ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కొద్దిగా ఇథనాల్ కలిపి పోస్తే ఆ పొర బుసబుస పొంగుతూ కరిగిపోతుంది. ఆ పొంగు హైడ్రోజన్, దగ్గరలో మంట ఉండకూడదు. మళ్లీ నీళ్లతో, ఇథనాల్‌తో కడిగి అసలు పని మొదలుపెట్టాలి. తొందరలో చాలామంది దీన్ని వదిలేస్తారు. వదిలేసినవారి పొరలు మైక్రోస్కోపులో అడ్డకోత చూస్తే బాగుంటాయి, వాడబోతే పనిచేయవు.

ఇప్పుడు హెచ్‌ఎఫ్ ద్రావణం పోసి, చదరపు సెంటీమీటరుకు 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున మూడు నిమిషాలు. ఎంత లోతు దిగుతుందో కాగితం మీదే లెక్క కట్టవచ్చు. 50 మిల్లీ ఆంపియర్లంటే సెకనుకు సుమారు 3.1 గుణకారం పది ఘాతం పదిహేడు ఆవేశాలు. పరమాణువుకు రెండు చొప్పున అందులో సగం, 1.56 గుణకారం పది ఘాతం పదిహేడు సిలికాన్ పరమాణువులు కరుగుతాయి. ఘన సెంటీమీటరు సిలికాన్‌లో 5 గుణకారం పది ఘాతం ఇరవై రెండు పరమాణువులుంటాయి. భాగిస్తే, గట్టి సిలికాన్ లెక్కన సెకనుకు 31 నానోమీటర్లు. కాని కరిగేది మొత్తం కాదు, మూడింట రెండొంతులే అనుకుంటే పొర సెకనుకు దాదాపు 47 నానోమీటర్లు, నిమిషానికి మూడు మైక్రాన్లకు కాస్త తక్కువ దిగాలి. నిజంగా పరమాణువుకు రెండుకన్నా కొంచెం ఎక్కువే ఖర్చవుతుంది కనుక రెండు, రెండున్నర వస్తే సరిగానే జరిగినట్టు.

నాలుగు ముక్కలు తీసుకుని, మిగతావన్నీ ఒకేలా ఉంచి కరెంట్ డెన్సిటీ మాత్రం 20, 50, 100, 200 అని మార్చి చేయండి. సమయం మాత్రం తిరగేసి తగ్గించండి, మొత్తం ఆవేశం సమానంగా ఉంటేనే పోల్చి చూడగలం. కరెంటు పెరిగేకొద్దీ రంధ్రం వెడల్పవుతుంది, ఖాళీ శాతం పెరుగుతుంది, గోడలు సన్నబడతాయి. హెచ్‌ఎఫ్ గాఢత తగ్గించినా ఫలితం ఆ దిశలోనే ఉంటుంది. దీనికి ఒక హద్దుంది. కరెంటు ఒక పరిమితి దాటితే హోల్స్ మొనకే కాదు, ఉపరితలమంతటికీ సరిపడా వచ్చిపడతాయి. అప్పుడు రంధ్రాలుండవు, అంతా సమానంగా కరిగి నునుపవుతుంది. దీన్ని ఎలక్ట్రోపాలిషింగ్ అంటారు, ఊలీర్ దంపతులు మొదట కోరుకున్నది ఇదే. పొరను వేఫర్ నుంచి ఊడదీయడానికి దీన్నే వాడుకోవచ్చు. హెచ్‌ఎఫ్‌ను ఇథనాల్‌లో మూడు నాలుగు శాతానికి పలుచన చేస్తే ఆ పరిమితి బాగా కిందికి వస్తుంది, చదరపు సెంటీమీటరుకు కొద్ది మిల్లీ ఆంపియర్లతోనే రంధ్రాల అడుగు కరిగి పొర తేలిపోతుంది.

ఒకే ముక్కలో రెండు మూడు సైజులు

మొన మాత్రమే తొలుస్తుందన్న సూత్రం ఇక్కడ పనికొస్తుంది. కొన్ని సెకన్లు ఎక్కువ కరెంటు, కొన్ని సెకన్లు తక్కువ కరెంటు, మళ్లీ ఎక్కువ, ఇలా కంప్యూటరుతో నడిపిస్తే పెద్ద రంధ్రాల పొర, చిన్న రంధ్రాల పొర ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఖాళీ ఎక్కువున్న పొరకు వక్రీభవన గుణకం తక్కువ, ఖాళీ తక్కువున్న పొరకు ఎక్కువ. ఒక్కో పొర మందాన్ని దాని గుణకంతో గుణిస్తే కావలసిన తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు వచ్చేలా చూస్తే ఆ రంగును మాత్రమే తిప్పికొట్టే అద్దం తయారవుతుంది. ఏ రంగూ పూయకుండానే ముక్క ఆకుపచ్చగానో ఎర్రగానో మెరుస్తుంది. కొత్తవారికి ఈ పనిలో మొట్టమొదట ఆనందం ఇచ్చేది ఇదే. రంధ్రాల్లోకి ద్రవం, ఆవిరి చేరితే గుణకం మారి రంగు మారుతుంది, సెన్సర్లలో వాడేది దాన్నే.

జల్లెడలా వాడాలంటే మాత్రం వరుస ముందే ఆలోచించుకోండి. పైన చిన్నవి, కింద పెద్దవి పెడితే పెద్ద అణువు పైనే ఆగిపోతుంది, కింద చేసిన పెద్ద రంధ్రాల కష్టం వృథా. పైన పెద్దవి, కింద చిన్నవి పెడితే పెద్ద అణువులు మొదటి అంతస్తులో, చిన్నవి రెండో అంతస్తులో సర్దుకుంటాయి. లోతు పెరిగేకొద్దీ అడుగున హెచ్‌ఎఫ్ తరిగిపోయి రంధ్రం దానంతటదే వెడల్పవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. చాలా పొరలు వేసేటప్పుడు మధ్యమధ్య ఒకటి రెండు సెకన్లు కరెంటు ఆపితే కొత్త ద్రావణం కిందికి చేరుతుంది.

ఇక పక్కకు జరిపిన ప్లాటినం కథ. తీగను వేఫర్ ఒక అంచుకు దగ్గరగా నిలబెడితే ఆ అంచున కరెంటు ఎక్కువ, దూరపు అంచున తక్కువ. అంటే ఒకే ముక్క మీద ఈ చివర పెద్ద రంధ్రాలు, ఆ చివర చిన్నవి, మధ్యలో క్రమంగా తగ్గుతూ. కాలిఫోర్నియాలో మైకేల్ సేలర్ బృందం 2002లో ఇలాంటి ముక్కతోనే ప్రోటీన్ సైజు కొలిచింది. ప్రోటీన్ ఎంత దూరం దాకా రంధ్రాల్లోకి దూరగలిగిందో అక్కడే దాని సైజు తెలిసిపోతుంది. ఒక్క ముక్కతో పది కరెంట్ల ఫలితం చూడవచ్చు కాబట్టి బడ్జెట్ తక్కువున్న ల్యాబ్‌కు ఇది మంచి కిటుకు.

మాక్రోపోర్లు కావాలంటే

ఇది వేరే విద్య, ఓపిక ఎక్కువ కావాలి. ఎన్-రకం సిలికాన్‌లో హోల్స్ దాదాపు ఉండవు. వెనక నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల వెలుగు వేస్తే అక్కడ పుడతాయి, వేఫర్ దళసరి అంతా దాటి ముందు వైపుకు వచ్చి రంధ్రాల మొనల దగ్గర ఖర్చయిపోతాయి. వెలుగు ఎంత వేస్తే అంత కరెంటు. ద్రావణం చాలా పలుచన, నీటిలో రెండున్నర నుంచి ఐదు శాతం హెచ్‌ఎఫ్. వరుస తీరిన రంధ్రాలు కావాలంటే ముందు లిథోగ్రఫీతో, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చిన్న తలకిందుల పిరమిడ్ గుంతలు చేయాలి. రంధ్రాలు అక్కడే మొదలవుతాయి. గుంతల మధ్య దూరానికి తగిన డోపింగ్ లేకపోతే కొన్ని రంధ్రాలు చచ్చిపోతాయి, కొన్ని కొమ్మలు వేస్తాయి.

ఇక్కడ లేమన్ ఇచ్చిన ఒక చక్కటి సూత్రం ఉంది. మొత్తం ఉపరితలంలో రంధ్రాలు ఆక్రమించే వంతు, మీరిచ్చే కరెంట్ డెన్సిటీని ఆ ద్రావణం పరిమితి కరెంట్ డెన్సిటీతో భాగిస్తే వచ్చేదానికి సమానం. పరిమితిలో నాలుగో వంతు కరెంటు ఇస్తే ఉపరితలంలో నాలుగో వంతు రంధ్రాలు. రంధ్రాల సంఖ్య పిరమిడ్లతో ఎలాగూ ఖాయమైంది కనుక వ్యాసం లెక్క తేలిపోయినట్టే. ఆ పరిమితి ఉష్ణోగ్రతతో మారుతుంది. గంటల తరబడి నడిచే పనిలో ద్రావణం వేడెక్కితే రంధ్రం పైన ఒక సైజు, కింద ఒక సైజు వస్తుంది. కాబట్టి ఉష్ణోగ్రతను అదుపులో పెట్టే ఏర్పాటు ఉండాలి.

వెలుగు, లిథోగ్రఫీ ఏవీ లేని ల్యాబ్‌లో 10 నుంచి 20 ఓమ్-సెంటీమీటర్ల పి-రకం వేఫర్‌ను డైమిథైల్ ఫార్మమైడ్ కలిపిన హెచ్‌ఎఫ్‌లో తక్కువ కరెంటుతో పెట్టినా మైక్రాన్ అటూ ఇటూ వెడల్పున్న రంధ్రాలు వస్తాయి. వరుస ఉండదు గాని సైజు ఉంటుంది. ఆ ద్రావణి కూడా చర్మం గుండా లోపలికి పోయే విషమే.

కడగడం, ఆరబెట్టడం, సర్దడం

కరెంటు ఆపగానే ద్రావణం తీసేసి ఇథనాల్‌తో మూడు నాలుగుసార్లు కడగాలి. హెచ్‌ఎఫ్‌లో ఊరికే వదిలేస్తే సన్న గోడలు నెమ్మదిగా కరుగుతూ పోతాయి. ఆరేటప్పుడు రంధ్రంలోని ద్రవం గోడల్ని లోపలికి లాగుతుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీ న్యూటన్లు, ఇథనాల్‌ది 22, పెంటేన్‌ది 16. కనుక నీటి తడితో ఎప్పుడూ ఆరబెట్టవద్దు. ఖాళీ 80 శాతం దాకా ఉన్న పొరను ఇథనాల్ తర్వాత పెంటేన్‌తో కడిగి ఆరనివ్వాలి, అదీ చాలకపోతే సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ యంత్రం కావాలి. ఎండిన బీటల చెరువులా పొర కనిపిస్తే తప్పు కరెంటులో వెతకకండి, ఆరబెట్టడంలోనే ఉంది.

పొర చేశాక కూడా సైజు మార్చే వీలుంది. గాలిలో కాలిస్తే గోడ ఆక్సైడ్‌గా మారి రెండు రెట్లకు పైగా ఉబ్బుతుంది, రంధ్రం ఇరుకవుతుంది. ఆ ఆక్సైడ్‌ను మళ్లీ హెచ్‌ఎఫ్‌తో తీసేస్తే మొదటికన్నా వెడల్పవుతుంది. ఎండిన పోరస్ సిలికాన్ పొడిని నైట్రేట్లు, గాఢ నత్రికామ్లం వంటివాటి దగ్గర ఉంచవద్దు, పేలుతుంది.

సైజు కొలిచేదెలా? ముందు తక్కెడ. ఎచింగ్‌కు, అంటే కరెంటుతో తొలవడానికి, ముందు ఒక తూకం, తర్వాత ఒక తూకం, పొరను సోడియం హైడ్రాక్సైడ్‌తో పూర్తిగా కరిగించాక మూడో తూకం. మొదటి రెండింటి తేడా 1.4 మిల్లీగ్రాములు, మొదటికీ మూడోదానికీ తేడా 2.1 అయితే ఖాళీ 67 శాతం. ఆ 2.1ని సిలికాన్ సాంద్రత 2.33తో, వైశాల్యం 1.2తో భాగిస్తే మందం ఏడున్నర మైక్రాన్లు. మూడు తూకాలకే ఇంత తెలుస్తుంది, కాకపోతే ఆ ముక్క పోతుంది. రంధ్రం వెడల్పుకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, పైనుంచీ అడ్డకోతా రెండూ చూడాలి. నైట్రోజన్ అధిశోషణం పరీక్షకు పంపే ముందు ఒక లెక్క చూసుకోండి. పై ముక్కలో మిగిలిన పదార్థం 0.7 మిల్లీగ్రాములే. యంత్రానికి అది చాలదు, చాలా పొరలు ఊడదీసి కలపవలసి వస్తుంది. మైక్రోపోర్ల ముక్క అయితే చీకట్లో యూవీ దీపం కింద పెట్టండి, నారింజ-ఎరుపు వెలుగు కనబడితే మంచి గుర్తు.

హెచ్‌ఎఫ్ లేని దారి: ఊక బూడిద

పొర కాదు, పొడి కావాలంటే వేఫర్ కూడా అక్కరలేదు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర, గోదావరి జిల్లాల్లో గుట్టలు పడే ఊకలో వరి మొక్క నేల నుంచి పీల్చుకున్న సిలికా దాగి ఉంటుంది. ఊకను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరగబెట్టి కడిగి, 600, 700 డిగ్రీల దగ్గర గాలిలో కాలిస్తే తెల్లటి పోరస్ సిలికా మిగులుతుంది. దానికి మెగ్నీషియం పొడి కలిపి, ఆర్గాన్‌లో 650 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తే మెగ్నీషియం సిలికాలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. 2013లో కొరియాలో ఒక బృందం, అమెరికాలో ఇంకో బృందం ఇలా తీసిన సిలికాన్‌ను లిథియం బ్యాటరీల్లో వాడి చూపించాయి.

ఇక్కడ రంధ్రాలు వచ్చేది మెగ్నీషియం ఆక్సైడ్ ఖాళీ చేసిన చోట. ఒక మోల్ సిలికాన్‌కు రెండు మోళ్ల మెగ్నీషియం ఆక్సైడ్ పుడుతుంది, ఘనపరిమాణంలో అది మొత్తంలో 65 శాతం. ఆమ్లంతో దాన్ని కడిగేస్తే అంత ఖాళీ మిగులుతుంది. సైజును శాసించేది వేడి. ఈ చర్య తానే విపరీతంగా వేడి పుట్టిస్తుంది, అదుపు తప్పితే సిలికాన్ కరిగి ముద్దకట్టి సన్న రంధ్రాలు పూడిపోతాయి. మిశ్రమంలో ఉప్పు కలిపితే అది 801 డిగ్రీల దగ్గర కరుగుతూ అదనపు వేడిని మింగేస్తుంది. ఉప్పు ఎక్కువ వేస్తే రంధ్రాలు సన్నగా నిలుస్తాయి, తగ్గిస్తే ముతకబడతాయి. చివర నీళ్లతో కడిగితే ఉప్పు పోతుంది.

మెగ్నీషియం ఎక్కువ పడితే మెగ్నీషియం సిలిసైడ్ కూడా కొంత తయారవుతుంది. దాని మీద ఆమ్లం పోస్తే సిలేన్ వాయువు పుట్టి గాలి తగలగానే అంటుకుంటుంది. అందుకే ఆమ్లంలోకి పొడిని చిటికెడు చిటికెడుగా, హుడ్ లోపల, చల్లటి నీటి తొట్టిలో పెట్టిన బీకరులోనే వేయాలి. మొదటిసారి గ్రాముకు మించి చేయవద్దు.